చుక్క పొడిచాకే కాఫీ

ఆ సోమవారం ఉదయం జానకిరామ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తలస్నానం చెయ్యాలి, శివుడి పటానికి దణ్ణం పెట్టుకోవాలి, హోటల్‌కి వెళ్ళి కంప్యూటర్లో మ్యాపు చూపించాలి, చీకటి పడగానే ఇంటికొచ్చి చుక్కని చూసి భోంచెయ్యాలి. ఇందులో రెండు రాజ్యాలని కలపాలన్న ఆలోచన ఎక్కడా లేదు.

"కాఫీ అయినా తాగొచ్చా?" అనడిగాడు బూట్లు వేసుకుంటూ.

"మామూలు కార్తీక సోమవారమైతే తాగొచ్చండీ," అంది చరిత. "ఇది పర్మిట్ సోమవారం. మంచినీళ్ళు కూడా ముట్టుకోకూడదు. కటిక ఉపవాసం చేయిస్తానని మొక్కుకున్నాను."

"మొక్కుకున్నది నువ్వైతే ఉపవాసం నేనెందుకు?"

"నేనూ ఉంటున్నాగా! అయినా పర్మిట్ ఎవరిదండీ?"

పర్మిట్ జానకిరామ్‌దే. అది రెండువేల ఆరు నవంబరు. ఐర్లండ్‌లో డబ్బు వరదలా పారుతున్న రోజులు. ఎటు చూసినా క్రేన్లే. మెయ్‌నూత్‌లో అద్దెకుంటున్న ఈ దంపతులు కూడా ధైర్యం చేసి ఆడమ్స్‌టౌన్‌లో ఒక ఇల్లు బుక్ చేశారు. ఆ ఇల్లు ఇంకా గోడల దశలోనే ఉంది. ఈలోగా జానకిరామ్ వర్క్ పర్మిట్ నెలాఖరుతో అయిపోతోంది. కొత్తదాని కోసం పెట్టిన దరఖాస్తుకి ఉలుకూ పలుకూ లేదు. పర్మిట్ రాకపోతే ఉద్యోగం లేదు, ఇల్లు లేదు, సామాను సర్దుకుని తెనాలి ప్రయాణమే. "ఈ హోటల్ పని సవ్యంగా చేసి రా. ప్రభుత్వం వాళ్ళు అక్కడే ఉంటారు, నీ సంగతి వాళ్ళ చెవిన వేస్తాను," అని మేనేజర్ మాటిచ్చాడు.

ఐర్లండ్‌లో కార్తీక ఉపవాసానికి ఒక సుఖం ఉంది, ఒక కష్టం ఉంది. నాలుగున్నరకే చీకటి పడుతుంది, అది సుఖం. పైకి చూస్తే మబ్బు తప్ప ఏమీ కనబడదు, అది కష్టం. పోయిన సోమవారం ఇద్దరూ పెరట్లో గొడుగు కింద చాలాసేపు నించుని, చివరికి ఒక విమానం లైటుని చూసి, అది చుక్కేనని ఒకరికొకరు చెప్పుకుని తిన్నారు.

"ఈసారి విమానాలు కుదరవు," అంది చరిత గుమ్మంలోంచి. "నేనే ఏదో ఉపాయం చూస్తాను. ఫోన్ దగ్గర పెట్టుకోండి."

హోటల్ గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్ళు మొట్టమొదట తీసుకున్నది ఆ ఫోనే.

మెయ్‌నూత్‌కి కాస్త అవతల, పచ్చిక మైదానాల మధ్య ఉన్న పాతకాలపు బంగళా అది. ఇప్పుడు పెద్ద హోటల్. మూడేళ్ళుగా అక్కడ రెండు అరబ్ రాజ్యాల వాళ్ళు కలుస్తున్నారు. ఒకటి కస్రాన్, రెండోది వదీమా. ఇరుగుపొరుగు రాజ్యాలు. మధ్యలో ఎడారి, ఆ ఎడారిలో ఒక బావి, బావి పక్కన ఒక గుట్ట. సరిహద్దు గీత ఎటు పోవాలన్నది తగాదా. ఎవరి పక్షమూ కాని దేశం కాబట్టి ఐర్లండ్ చోటిచ్చింది. జానకిరామ్ కంపెనీ మ్యాపుల సాఫ్ట్‌వేర్ ఇచ్చింది. ఎడమవైపు వాళ్ళు పెద్దది చెయ్యమంటే పెద్దది చెయ్యాలి, కుడివైపు వాళ్ళు చిన్నది చెయ్యమంటే చిన్నది చెయ్యాలి. రోజూ ఆ పని చేసే అతనికి జ్వరం రావడంతో జానకిరామ్‌ని పంపారు.

అతిథుల బాగోగులు చూసే ప్రభుత్వ అధికారి పేరు ఫింటన్. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఎవరికో క్షమాపణ చెప్పబోతున్నట్టు ఉంటాడు. "మూడే మూడు విషయాలు," అన్నాడు. "ఏదీ ముట్టుకోకు. ఏదీ మాట్లాడకు. ఎవర్నీ ఏమీ అడక్కు. అంతా గ్రాండ్‌గా జరిగిపోతుంది."

చెప్పాల్సిన నాలుగోది ఒకటుంది. మ్యాపు చూపించేవాడికి ఎందుకులే అని ఫింటన్ చెప్పలేదు.

తాతల కాలంలో ఆ రెండు వంశాల పెద్దలూ ఎడారిలో కూర్చుని నోటిమాటగా ఒక ఒప్పందం చేసుకున్నారు. సుహైల్ అనే చుక్క ఎక్కడ పొడుస్తుందో అటే మన గీత అన్నారు. మనవాళ్ళు అగస్త్య నక్షత్రం అనేది దాన్నే. అయితే ఆ రాత్రి వాళ్ళు ఎక్కడ నించుని చూశారు? బావి దగ్గర అంటే కస్రాన్‌కి లాభం. గుట్ట మీద అంటే వదీమాకి లాభం. మొదటి సమావేశంలో ఎవరో ఆ చుక్క పేరెత్తగానే కుర్చీలు వెనక్కి జరిగాయి, విమానాలు సిద్ధమయ్యాయి. ఫింటన్ కాళ్ళావేళ్ళా పడి అందరినీ కూర్చోబెట్టి, ఇక ఈ హాల్లో చుక్క మాట ఎవరూ ఎత్తకూడదని ఒప్పించాడు. అప్పటినుంచీ చర్చలు ప్రశాంతంగా జరుగుతున్నాయి. ఏమీ తేలడం లేదు.

మధ్యాహ్నం దాకా ఏ గొడవా లేదు. మసక వెలుతురు పడుతున్న వేళకి కస్రాన్ పెద్ద, షేక్ ఫర్హాన్, లేచి తన చేత్తోనే అందరికీ కాఫీ పోయడం మొదలుపెట్టాడు. డెబ్భై దాటిన మనిషి, తెల్లటి గడ్డం, పొడుగు ముక్కున్న ఇత్తడి పాత్ర. వరసలో జానకిరామ్ దగ్గరికీ వచ్చాడు. పిడి లేని చిన్న కప్పు, గుప్పున యాలకుల వాసన. పొద్దుట్నుంచి చుక్క నీళ్ళు దిగని గొంతు ఒక్కసారి మూలిగింది.

పెద్దాయన స్వయంగా ఇస్తుంటే వద్దనడం మర్యాద కాదు. మనవాళ్ళం ఏం చేస్తాం? తీసుకుంటాం, నవ్వుతాం, పక్కన పెడతాం. జానకిరామ్ అదే చేశాడు. రెండు చేతులా కప్పు అందుకుని, తల వంచి, తాగకుండా బల్ల మీద పెట్టాడు.

షేక్ ఫర్హాన్ చెయ్యి గాల్లో ఆగిపోయింది. పక్కవాడి నోటిదాకా వెళ్ళిన కప్పు దిగింది. ఆ పక్కవాడిదీ దిగింది. హాలంతా ఒక్కొక్కటే కప్పు బల్ల మీదకి దిగిన చప్పుడు.

దుబాసీ పేరు సాలె బిన్ ఒమర్. పేరుకి అరబ్బే గానీ పుట్టి పెరిగింది హైదరాబాద్ బార్కస్‌లో. నిజాం కొలువుకి వచ్చిన అరబ్బుల వంశం. అతను కుర్చీ జరుపుకుని జానకిరామ్ చెవిలో అన్నాడు. "ఏం కావాలె భాయ్ నీకు?"

"నాకేం వద్దండీ."

"వద్దా? మరి కప్పు ఎందుకు కింద పెట్టినవ్? కాఫీ ముట్టకుంట పెట్టిండంటే ఏదో అడుగనీకె వచ్చిండని లెక్క. మా బార్కస్‌ల ముసలోళ్ళు గూడ గింతే. ఆయన సరే అంటేనే నువ్వు తాగాలె. నువ్వు తాగేదాంక ఆయన తాగడు. ఆయన తాగేదాంక ఇంకెవ్వరు తాగరు."

జానకిరామ్‌కి ఫింటన్ చెప్పిన మూడో విషయం గుర్తొచ్చింది. "నేనెవర్నీ ఏమీ అడగనని చెప్పండి సార్. నాకసలు ఏ కోరికా లేదని చెప్పండి."

సాలె చెప్పాడు. షేక్ ఫర్హాన్ మెల్లగా తలూపి ఏదో అన్నాడు.

"కోరికే లేదనేటోడు చానా పెద్దదే అడుగుతడంట," అన్నాడు సాలె. "నువ్వు తొందరపడకు, సోంచాయించుకొని చెప్పమంటుండు."

బల్ల అవతల వదీమా పెద్ద, షేక్ నాయిఫ్, ఇదంతా కళ్ళు చికిలించి చూస్తున్నాడు. మ్యాపు గీసేవాడు కస్రాన్ వాళ్ళని ఏం అడుగుతున్నాడు? వాళ్ళేం ఇస్తామంటున్నారు? ఒక్క సైగ చేశాడు. వదీమా వారి ఇత్తడి పాత్ర వచ్చింది. షేక్ నాయిఫ్ కూడా స్వయంగా కాఫీ పోసి జానకిరామ్ చేతికిచ్చాడు.

పక్షపాతం చూపించాడన్న మాట రాకూడదని జానకిరామ్ ఆ రెండో కప్పుని మొదటి కప్పు పక్కన, సరిగ్గా ఒకే వరసలో పెట్టాడు. దాంతో అతను రెండు రాజ్యాలనీ ఒకేసారి అర్థించినట్టయింది.

ఫింటన్ అతన్ని కారిడార్‌లోకి లాక్కుపోయాడు. "నేను చెప్పినవి ఎన్ని?"

"మూడు సార్. ఏదీ ముట్టుకోవద్దన్నారు. ముట్టుకోలేదు. అదే గొడవైంది."

"ఆ కాఫీ తాగెయ్యవయ్యా, నీకు పుణ్యముంటుంది!"

"తాగితే ఉన్న పుణ్యం పోతుంది సార్," అన్నాడు జానకిరామ్ దీనంగా.

ఫింటన్ గోడకి ఆనుకున్నాడు. లోపల రెండు దేశాలు చల్లారిపోతున్న కాఫీ ముందు కూర్చున్నాయి. "సరే. వెళ్ళి నిజం చెప్పు. ఎంత చిన్నదైనా సరే, నిజం చెప్పెయ్. నిజం చెబితే ఎవరికీ హాని జరగదు." తన ఉద్యోగ జీవితంలో అలాంటి సలహా అతను ఎవరికీ ఇచ్చి ఉండడు.

జానకిరామ్ లోపలికెళ్ళి నిలబడి, తాను ఉపవాసం ఉన్నానని చెప్పాడు. సాలె ఆ మాట అరబ్బీలో చెప్పగానే రెండువైపులా ముఖాలు తేటపడ్డాయి. ఉపవాసమంటే తెలియని వాళ్ళు ఎవరూ లేరక్కడ. షేక్ ఫర్హాన్ ఆప్యాయంగా ఏదో అడిగాడు.

"దేనికోసమని అడుగుతుండు," అన్నాడు సాలె.

"పర్మిట్ కోసమండీ. ఈ దేశంలో ఉండటానికి."

"ఎవరియ్యాలె అది అంటుండు."

జానకిరామ్ కళ్ళు అతని అదుపులో లేకుండా ఫింటన్ వైపు తిరిగాయి. హాల్లో ఉన్న తక్కిన కళ్ళన్నీ అటే తిరిగాయి.

"మనిషిని పిలిచి పని చేయించుకుంటరు, ఉండనీకె మాత్రం ఉపవాసాలు చేయిస్తరా? గిదేనా మీ మర్యాద?" షేక్ ఫర్హాన్ అన్న ఆ ముక్కని సాలె ఇంగ్లీషులో ఫింటన్‌కి చెప్పి, జానకిరామ్ కోసం తెలుగులోనూ చెప్పాడు. ఫింటన్ చెవులు ఎర్రబడ్డాయి.

షేక్ ఫర్హాన్ ఛాతీ మీద చెయ్యి వేసుకున్నాడు. "మా రాజ్యానికి వచ్చెయ్యి. రేపే కాగితం రాసిస్తాను."

"మేం కాగితంతో పాటు ఇల్లు కూడా ఇస్తాం," అన్నాడు షేక్ నాయిఫ్ అవతలనుంచి.

"మేం ఇల్లూ, తోటా, ఆ తోట నీళ్ళకి బావీ ఇస్తాం."

షేక్ నాయిఫ్ ముందుకి వంగాడు. "ఏ బావి?"

ఎవరిదో కుర్చీ కిర్రుమంటూ వెనక్కి జరిగింది. ఇంకో రెండు జరిగాయి. మూడేళ్ళ కింద విన్న ఆ చప్పుడు ఫింటన్ మరిచిపోలేదు. జానకిరామ్‌కి మాత్రం ఒకటే అర్థమైంది. చర్చలు తన మూలంగా చెడితే, పర్మిట్ మాట దేవుడెరుగు, రేపటి విమానంలో సీటు ఖాయం.

"అయ్యా, నేను తాగుతాను! ఇద్దరిదీ తాగుతాను!" అన్నాడు చేతులు జోడించి. "ఒక్క కాస్త ఆగండి, చాలు."

షేక్ ఫర్హాన్ కిటికీ వైపు చూశాడు. బయట చీకటి. "సూర్యుడు ఎప్పుడో పోయాడు కదా. మా ఉపవాసం సూర్యుడితోనే అయిపోతుంది. ఇంకా దేనికి ఆగడం?"

"మాది అలా కాదండీ. చుక్క కనబడాలి. చుక్కని చూశాకే తాగాలి," అన్నాడు జానకిరామ్, కంగారులో ఇంగ్లీషులోనే.

సాలె నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు.

"చెప్పండి సార్," అన్నాడు జానకిరామ్.

"యా అల్లా! గా ఒక్క మాటనే దొరికిందా నీకు? నేను తర్జుమా చేస్తె మన ఇద్దరి నౌకరి గాయబ్!"

అతను చెయ్యనక్కర్లేకపోయింది. ఇంగ్లీషు వచ్చిన వదీమా కార్యదర్శి ఒకడు అప్పటికే ఆ మాటని తన షేక్ చెవిలో వేశాడు. అది బల్ల చుట్టూ పాకి కస్రాన్ వైపు వచ్చింది. ఫింటన్ మెల్లగా కుర్చీలో కూలబడి కళ్ళు మూసుకున్నాడు.

ఎవరూ లేవలేదు. లేవకపోవడమే ఆశ్చర్యం. రెండువైపులా ఒకటే ఆలోచన. ఈ ఐర్లండ్ వాళ్ళు ఎంత గడుసువాళ్ళు! ఎవరూ ఎత్తకూడదన్న మాటని, పొద్దుట్నుంచీ పస్తు ఉన్న ఒక అమాయకుడి చేత, రెండు కప్పులు ముందు పెట్టుకుని, ఎంత మర్యాదగా ఎత్తించారు!

షేక్ నాయిఫ్ జానకిరామ్ వైపు తిరిగాడు. నెమ్మదిగా ఒక ప్రశ్న అడిగాడు. సాలె జానకిరామ్ మీదికి వంగాడు.

"చుక్కని ఎక్కడ నిలవడి చూస్తవని అడుగుతుండు, భాయ్. జర చూసుకొని చెప్పు."

జానకిరామ్‌కి అందులో చూసుకోవాల్సింది ఏమీ కనబడలేదు. ఆకలితో కళ్ళు తిరుగుతున్నాయి.

"ఎక్కడైనా ఫర్వాలేదండీ," అన్నాడు. "కనబడితే చాలు."

మూడేళ్ళలో ఆ హాల్లో ఆ మాట ఎవరూ అనలేదు. షేక్ ఫర్హాన్ షేక్ నాయిఫ్ వైపు చూశాడు. షేక్ నాయిఫ్ షేక్ ఫర్హాన్ వైపు చూశాడు. వయసులో పెద్దవాడైన షేక్ ఫర్హాన్ ముందు లేచాడు. "పదండి," అన్నాడు. "ఈ అబ్బాయికి చుక్కని చూపిద్దాం."

రెండు రాజ్యాలూ హోటల్ వెనక పచ్చికలోకి వచ్చి నించున్నాయి. సన్నగా జల్లు పడుతోంది. గొడుగులు చాలక కస్రాన్ మంత్రి ఒకాయన వదీమా గొడుగు కిందకి జరగాల్సి వచ్చింది. అందరూ తలలెత్తి చూస్తున్నారు. పైన మబ్బు, దాని వెనక మబ్బు.

తూర్పు దిక్కున, చెట్ల మీదుగా, జల్లులో మినుక్కుమంటూ ఒక వెలుగు కనిపించింది.

"అదిగో!" అని అరిచాడు జానకిరామ్.

ఇద్దరు షేకులూ ఒకేసారి ఏదో అన్నారు.

"ఇద్దరు ఒక్కటే మాటన్నరు, ఒక్కసారికే చెప్త," అన్నాడు సాలె. "గది చుక్క గాదంట."

ఫింటన్ చటుక్కున ముందుకొచ్చాడు. "ఇద్దరూనా? ఒకే మాటా?" జేబులోంచి పెన్ను తీసి రాసుకున్నాడు. సదరు వెలుగు నక్షత్రం కాదని ఉభయపక్షాలూ అంగీకరించాయి. మూడేళ్ళ చర్చల్లో అది మొట్టమొదటి అంగీకారం.

అది ఆడమ్స్‌టౌన్‌లో ఇళ్ళు కడుతున్న క్రేన్ మీది లైటు. జానకిరామ్ ఇల్లు ఆ క్రేన్ కిందే ఎక్కడో ఉంది. "చుక్కే అనుకుందామండీ," అని బతిమాలాడు. "పోయిన వారం విమానంతో సరిపెట్టుకున్నాం."

"వద్దు నాయనా," అన్నాడు షేక్ ఫర్హాన్. "దొంగ చుక్కని నమ్ముకుని ఉపవాసం విడవకూడదు." అని ఆగి, దక్షిణం వైపు చేత్తో చూపించాడు. "మా సుహైల్ అక్కడ, నేల కింద ఉంటుంది. ఈ దేశంలో పైకి రాదు. మూడేళ్ళుగా వచ్చిన ప్రతిసారీ చూస్తున్నాను."

షేక్ నాయిఫ్ గొడుగు పక్కకి జరిపి ఆయన ముఖంలోకి చూశాడు. "మీరూ చూస్తున్నారా?"

"మరి మీరు?"

"వచ్చిన ప్రతిసారీ. మీరంతా పడుకున్నాక."

ఆ తర్వాత ఆ ఇద్దరూ మాట్లాడుకున్నది సాలె తర్జుమా చెయ్యలేదు. ఇద్దరిదీ ఒకే భాష, మధ్యలో దుబాసీ అవసరమేమిటని అప్పుడే అతనికీ తట్టింది. చివరికి సారాంశం మాత్రం చెప్పాడు. "సుహైల్ లేని జాగల కూసొని సుహైల్ కోసం ఎన్నేండ్లు కొట్లాడుతం అనుకున్నరు. ఇద్దరు కలిసి బావికాడికి పోతరంట. అదే రాత్రి గుట్ట గూడ ఎక్కి చూస్తరంట. ఆ పైన మాట్లాడుకుంటరంట."

అంతలో పడమటి వైపు మబ్బు అరచెయ్యంత చిరిగింది. అందులో తెల్లగా, నిజంగా, ఒక చుక్క. షేకులిద్దరూ తలూపి ఆమోదించారు. జానకిరామ్ దణ్ణం పెట్టుకుని లోపలికి పరిగెత్తి, చల్లారిపోయిన రెండు కప్పులూ రెండు గుక్కల్లో తాగేశాడు. ఇద్దరు షేకులూ మళ్ళీ పోశారు. మళ్ళీ తాగాడు. చాలు అనడానికి కప్పుని అటూ ఇటూ ఊపాలని ఎవరూ చెప్పలేదు కాబట్టి చాలాసేపు తాగాడు.

గేటు దగ్గర ఫింటన్ స్వయంగా వచ్చి ఫోన్ తెచ్చిచ్చాడు. "రేపు ఉదయమే నీ దరఖాస్తు సంగతి కనుక్కుంటాను," అన్నాడు. "రెండు రాజ్యాలు ఇస్తామన్నాక మేం ఇవ్వకపోతే బాగుండదు. ఇంక ఇక్కడ సమావేశాలు ఉండవని మీ మేనేజర్‌కి నేనే చెప్తాను. పాపం, ఈ హోటల్ వాళ్ళకి కూడా చెప్పాలి."

జానకిరామ్ వెంటనే చరితకి ఫోన్ చెయ్యబోయాడు. బ్యాటరీ అయిపోయి ఫోన్ చచ్చిపడి ఉంది. ఇంటికొచ్చేసరికి చరిత కంచం కడిగి బోర్లిస్తోంది.

"పర్మిట్ వచ్చేస్తోంది చరితా! ప్రభుత్వమే మాటిచ్చింది!"

"చూశారా, మొక్కు ఊరికే పోతుందా!" అని ఆమె చేతులు కళ్ళకద్దుకుంది. "ఏం, ఇంత ఆలస్యం? మధ్యాహ్నం నుంచి ఎన్నిసార్లు ఫోన్ చేశానో."

"చుక్క కోసం వానలో నించున్నాను. నువ్వెప్పుడు చూశావు?"

"మధ్యాహ్నం, ఒంటిగంట కాకముందే."

"పట్టపగలు చుక్కేమిటి?"

"అప్పటికి తెనాలిలో పొద్దుగూకిపోయింది కదండీ. అమ్మ డాబా ఎక్కి చూసి ఫోన్ చేసింది. మీ పేరు కూడా చెప్పి దణ్ణం పెట్టిందట. నేను వెంటనే తినేశాను. మీకు చెబుదామంటే ఎత్తరే!"

జానకిరామ్ కుర్చీలో కూర్చున్నాడు. "అయితే సాయంత్రం నేను ఉన్నది?"

"మీ ఉపవాసం మధ్యాహ్నమే అయిపోయింది. తర్వాత మీరు ఊరికే ఆకలితో ఉన్నారంతే."

"ఎక్కడో తెనాలిలో మీ అమ్మ చూస్తే మనం చూసినట్టా?"

"చుక్కని చూడాలన్నారు గానీ, ఎక్కడ నించుని చూడాలో ఎవరన్నా చెప్పారా?" అంది చరిత అన్నం వడ్డిస్తూ. "ఎక్కడైనా ఫర్వాలేదు. కనబడితే చాలు."

ఆ మాటకి ఎదురు చెప్పడం రెండు రాజ్యాల వల్లే కాలేదు, జానకిరామ్ వల్ల ఏమవుతుంది. ఎడారిలో ఆ గీత తేలడానికి ఇంకా చాలా కాలం పట్టింది గానీ, మెయ్‌నూత్‌లో ఆ ఇంట్లో మాత్రం కార్తీక సోమవారాలు ఆ రోజు నుంచే తెనాలి టైముకి మారిపోయాయి.